ఒక్క పేరా తీసేస్తే చాలు

అతను షూకి పాలిష్ పెడుతూనే ఉన్నాడు. కుడికాలి షూకే. ఎడమది గుమ్మం పక్కన మట్టితో అలాగే పడి ఉంది.

నిన్న సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఎవరూ మొదలుపెట్టిన పని పూర్తి చెయ్యలేదు. షిఫ్టుకి రావద్దన్నారు. పదకొండింటికి ప్లాంట్ హెడ్ గదికి రమ్మన్నారు. యూనిఫాం వేసుకోనక్కర్లేదన్నారు. అట్టపెట్టెలు చేసే ఆ ఫ్యాక్టరీలో మోత పనికి చేరి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ దాకా ఎదిగినవాడు. యూనిఫాం వద్దన్నారంటే మనిషే వద్దన్నట్టు అని అతను అనుకున్నాడు. అనుకోవడమేమిటి, తల్లితో రెండుసార్లు పైకే అన్నాడు.

"స్టిక్కర్ సంగతి ఎవరో చెప్పారు," అన్నాడు ఇప్పుడు, షూ మీంచి తలెత్తకుండా.

వంటింట్లో అతని భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమెదీ అదే ఫ్యాక్టరీ. మేడమీద ప్లానింగ్ మేనేజరు. టెక్నాలజీ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీకి పెట్టుకున్న దరఖాస్తుకి ఇవాళే గడువు. ప్లాంట్ హెడ్ రాయాల్సిన సిఫార్సు ఉత్తరం ఇంకా యూనివర్సిటీకి చేరలేదు. అది చేరితే ప్రతిపాదన తను పంపాలి.

స్టిక్కర్ సంగతి ఎవరు చెప్పారో ఆమెకి తెలుసు. తనే.

చెప్పలేదు, రాసింది. చెప్పడానికీ రాయడానికీ తేడా ఉందని నిద్రపట్టక పక్క మీద దొర్లుతూ తనకి తనే నచ్చజెప్పుకుంది. తెల్లారి చూస్తే ఆ తేడా ఎక్కడా కనబడలేదు.

సంగతేమిటంటే, ఆ ఫ్యాక్టరీలో కొత్తగా కొన్న కటింగ్ మిషన్ నోటి దగ్గర ఒక కన్ను ఉంటుంది. అది వెలుగు పంపుతుంది, ఎదుటి వైపున్న అద్దం ఆ వెలుగుని తిప్పి పంపుతుంది. మధ్యలో మనిషి చెయ్యి అడ్డం వస్తే వెలుగు తెగి మిషన్ ఆగిపోతుంది. మంచి ఏర్పాటే. కాకపోతే మనిషి చేతికీ, అట్టల మీంచి లేచే దుమ్ముకీ దానికి తేడా తెలియదు. చీటికీ మాటికీ ఆగేది. ఆగినప్పుడల్లా మేడమీంచి చీవాట్లు. చివరికి ఇతనే, బండ్ల వెనకాల అంటించే మెరిసే స్టిక్కర్ ముక్క ఒకటి కత్తిరించి, ఆ కంటికి ముక్కు ఆనించినంత దగ్గరగా అంటించేశాడు. కంటికి తన వెలుగే తిరిగొస్తుంటే దారి ఖాళీగా ఉందనుకుంటుంది పాపం. ఆ రోజు నుంచి మిషన్ గుడ్డిదై హాయిగా పరిగెడుతోంది. పాతవాళ్ళందరికీ ఇది తెలుసు. అట్ట ఇరుక్కుంటే స్విచ్చి కట్టేసి మరీ చెయ్యి పెడతారు.

ఇదంతా అతను ఒక రోజు భోజనం చేస్తూ, తన తెలివికి తనే మురిసిపోతూ భార్యకి చెప్పాడు. ఆమె నవ్వింది. నవ్వినావిడ తర్వాత ఊరుకోలేకపోయింది. మనుషులు కొత్త యంత్రం కళ్ళెందుకు మూస్తారు, తప్పు వాళ్ళదా, వాళ్ళని ఒక్క మాటైనా అడక్కుండా యంత్రం కొన్నవాళ్ళదా అన్న ప్రశ్న ఆమెని పట్టుకుంది. పరిశోధన ప్రతిపాదనలో ఒక పేరా రాసింది. ఊరూ పేరూ లేకుండా, 'ఒక అట్టపెట్టెల కర్మాగారంలో ఒక షిఫ్ట్ పర్యవేక్షకుడు' అని రాసింది. గైడుగా ఉంటానన్న ప్రొఫెసరు, మిగతాదంతా ఎవరైనా రాయగలరు, ఈ పేరా మాత్రం మీరే రాయగలరు అని జవాబిచ్చారు. ఆ జవాబు ఆమె ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు.

తర్వాత యూనివర్సిటీవాళ్ళు చెప్పినట్టే, సిఫార్సు రాసే పెద్దమనిషికి ప్రతిపాదన ఒక కాపీ పంపింది. అందరూ చేసే పనే. పంపేటప్పుడు ఆయన సిఫార్సు రాసే పెద్దమనిషి అనే అనుకుంది తప్ప, ఆ మిషన్ కొన్నది ఆయనేననీ, తన భర్త ఆయన కిందే పనిచేస్తున్నాడనీ తట్టలేదు. ఇల్లూ ఆఫీసూ ఒక్కటైపోయినవాళ్ళకి మాత్రమే జరిగే పొరపాటు ఇది. పక్కన బయటివాళ్ళెవరున్నా, ఇదేం పనమ్మా అని చెయ్యి పట్టుకునేవారు.

"పుల్లగాడే," అన్నాడు అతను, ఉన్నట్టుండి. "వాడు తప్ప ఇంకెవడూ కాదు."

పుల్ల ఆ మిషన్ నడిపే మనిషి. సన్నగా ఉంటాడని ఆ పేరు. ఇతన్ని అన్నా అనీ, ఆమెని వదినా అనీ పిలుస్తాడు. ఈ ఇంట్లో టీ తాగకుండా వెళ్ళిన రోజు తక్కువ.

ఆమె వంటింట్లోంచి వచ్చేలోపే అతను ఫోన్ కలిపేశాడు. అవతల ఏం అంటున్నాడో వినబడటం లేదు కానీ, మధ్యమధ్య 'అన్నా, అన్నా' అన్న సన్నటి గొంతు మాత్రం వినిపిస్తోంది.

"నీకు పని నేర్పింది నేనురా. నీ పెళ్ళికి పెద్దగా నిలబడింది నేను. ఇంక నాకు మొహం చూపించకు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు చెప్పెయ్యాలి. ఒక్క మాట చాలు. తనకింత భయం ఉంటుందని ఆమెకి ఇన్నేళ్ళలో తెలియదు. అతను తిడతాడని కాదు ఆ భయం. తిట్టకుండా చూస్తాడేమోనని.

అతను స్నానానికి లేచాడు. అత్తగారు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

కోడలు డాక్టరు కాబోతోందని వాకిట్లో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్న మనిషి ఆవిడ. మందులివ్వని డాక్టరని కోడలు ఎంత చెప్పినా వినలేదు. ఎదురింటావిడ మోకాళ్ళ నొప్పి చూపించుకోవడానికి అప్పుడే వరస చెప్పి ఉంచింది కూడా.

"కూరలో ఉప్పు రెండుసార్లు వేశావు," అంది అత్తగారు. "కాపురానికొచ్చిన కొత్తలో కూడా వెయ్యలేదు. నువ్వేనా?"

కోడలు తల ఊపింది.

ఆవిడ అరవలేదు, శోకాలు పెట్టలేదు. ఎందుకు చేశావనీ అడగలేదు. స్టవ్ కట్టేసి, కాసేపు ఆ కూర వంక చూసింది.

"దారిలోనే చెప్పు వాడికి. ఆ గదిలో ఇంకొకడి నోట విన్నాడనుకో, ఉద్యోగం పోయినా బతుకుతాడు గానీ ఆ మాటకి బతకడు."

*

స్కూటర్ మీద వెనక కూర్చుంటే అతని మొహం కనబడదు. అదే నయమనుకుంది. పెద్ద రోడ్డు దాటి, ఫ్యాక్టరీ లారీలు వరసగా ఆగే సందులోకి తిరగ్గానే చెప్పేసింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ప్రతిపాదన, పేరా, కాపీ, అన్నీ.

స్కూటర్ నెమ్మదించి, షట్టరు దించిన ఒక కొట్టు ముందు ఆగింది. అతను దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు. హెల్మెట్ లోంచి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. ఇంకొకటి పోయింది.

"నేను నా పెళ్ళానికి చెప్పుకున్నాను," అన్నాడు చివరికి. "ప్లానింగ్ మేనేజరుకి కాదు."

"మీ పేరు రాయలేదండీ."

"షిఫ్ట్ ఇన్‌ఛార్జులం ఎంతమందిమి? అందులో పీహెచ్‌డీ చేసే పెళ్ళాలు ఎంతమందికి ఉన్నారు?"

ఆమెకి కోపం వచ్చింది. తన రాతలో తప్పు అతని మీద లేదని, మిషన్ కొన్న తీరు మీదే ఉందని, అతని తరఫునే రాశానని చెప్పుకొచ్చింది. తన తరఫున రాసేముందు తనని ఒక్కసారి అడిగావా అన్నాడతను. మిషన్ కొనేముందు మమ్మల్ని అడగలేదని వాళ్ళని తిట్టిపోశావే, మరి నువ్వు చేసిందేమిటి అన్నాడు. ఆ దెబ్బ సూటిగా తగిలింది.

"ఎవరి చెయ్యైనా పోతే?" అంది ఆమె.

"ఇన్నాళ్ళూ పోయిందా?"

"పోయేదాకా చూడాలా?"

అతను హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. ఆమె ఇక చిన్న గొంతుతో, కనీసం పుల్లకి ఫోన్ చెయ్యండి అని బతిమాలింది. పాపం ఏ పాపమూ ఎరగడంది.

"ఏమని చెయ్యను? తిట్టాల్సింది నిన్ను కాదురా, నా పెళ్ళాన్ని అనా?"

స్కూటర్ కదిలింది. ఆమె ఎప్పుడూ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చుంటుంది. ఇవాళ వెనక కడ్డీ పట్టుకుంది.

*

గేటు దగ్గరే, ప్లాంట్ హెడ్ ఆమెని కూడా రమ్మన్నారని చెప్పారు. ఆయన్ని కింది ఫ్లోర్‌లో అందరూ పటికబెల్లం అంటారు. మనిషిని ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా టీ తెప్పించి, పిల్లల చదువులు అడిగి మరీ తీసేస్తాడు. అందుకని బల్ల మీదికి టీ రాగానే భార్యాభర్తలిద్దరి గుండెల్లోనూ రాయి పడింది.

ఆయన గది ఒక గోడంతా గాజు. కింద ఫ్లోర్ మొత్తం కనబడుతుంది. తలుపు మూస్తే మిషన్ల మోత దూరంగా వర్షంలా వినబడుతుంది. బల్ల మీద ఆమె ప్రతిపాదన అచ్చు తీసి ఉంది. ఒక పేరా చుట్టూ పెన్సిల్ గీత. గీత చాలా నాజూగ్గా ఉంది.

ఎంత బాగా రాశారమ్మా అంటూ మొదలుపెట్టాడు. ఆ మిషన్ తన పూచీ మీద కొన్నాననీ, యాజమాన్యం తనని పదిమందిలో మెచ్చుకుందనీ, ఆ మాట ఆమెకి తెలియనిది కాదనీ అన్నాడు. యూనివర్సిటీ అన్నాక అక్కడ రాసింది అక్కడే ఉండదనీ, నలుగురి కళ్ళ పడుతుందనీ, ఆ నలుగురిలో తమ పెట్టెలు కొనేవాళ్ళూ ఉండొచ్చనీ అన్నాడు. ఆ మాటలన్నీ ఆమెకే చెప్తున్నాడు. పక్కనున్న షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ వంక ఒక్కసారి కూడా చూడలేదు. అలా చూడకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఒక్క పేరా తీసేస్తే చాలమ్మా," అన్నాడు పటికబెల్లం. "సాయంత్రంలోపు నా ఉత్తరం వెళ్ళిపోతుంది. అలాంటి ఉత్తరం నేను ఇంతవరకూ ఎవరికీ రాయలేదు. వీరు ఇప్పుడే వెళ్ళి డ్యూటీ చూసుకోవచ్చు. నిన్నటి ఫోన్ సంగతి మనం మర్చిపోదాం."

అతని మొహంలోకి నెత్తురు తిరిగి రావడం ఆమె చూసింది. ప్రాణం లేచొచ్చినట్టు నిటారుగా కూర్చున్నాడు. బల్ల కింద అతని మోకాలు ఆమె మోకాలికి తగిలింది. ఒప్పుకో అన్న సైగ అది. ఇరవై ఏళ్ళ కాపురంలో అతను ఆమెని ఏదైనా బతిమాలడం ఇదే మొదలు.

"మరి స్టిక్కరు సార్?" అంది ఆమె.

"పెద్ద ఆర్డరు నడుస్తోందిగా. అది లారీ ఎక్కేదాకా ఉండనివ్వండి. తర్వాత తీరిగ్గా చూద్దాం."

ఎంత తేలిగ్గా అన్నాడో. కిటికీ తెర ఉండనివ్వండి అన్నట్టు అన్నాడు. అంటే ఈయనకి ముందే తెలుసన్నమాట అని అప్పుడు అర్థమైంది ఆమెకి. తన పేరా చదివి ఈయన ఉలిక్కిపడింది గుడ్డి మిషన్ గురించి కాదు, అది గుడ్డిదని కాగితం మీదికి వచ్చినందుకు.

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె పని. భర్త ఉద్యోగం ఒకవైపు, తన చదువు కూడా అదే వైపు. రెండో వైపు ఇంకా ఎవరికీ తగలని దెబ్బ ఒకటి. తగలని దెబ్బ కోసం ఎవరైనా ఉన్న ఇల్లు కూల్చుకుంటారా?

"సరే సార్," అంది.

*

తన సీట్లో కూర్చుని కంప్యూటర్ తెరిచింది. పేరా మొదట్లో నొక్కి చివరిదాకా లాగితే అది మొత్తం నీలంగా మారింది. తీసెయ్యడానికి ఒక్క వేలు చాలింది. పైనున్న పేరా, కిందున్న పేరా దగ్గరికి జరిగి, మధ్యలో ఏమీ లేనట్టే అతుక్కుపోయాయి. మళ్ళీ మొదటినుంచి చదివింది. తప్పుల్లేవు. అక్కడక్కడ మంచి మాటలు కూడా ఉన్నాయి. ఎవరైనా రాయగలరు.

దాన్ని యూనివర్సిటీకీ, పటికబెల్లానికీ పంపేసి, పుల్లని చూడటానికి కిందికి దిగింది. భర్త ఎలాగూ చెప్పడు. తనైనా ఒక్క మాట చెప్పి, కాళ్ళు పట్టుకున్నంత పని చెయ్యాలనుకుంది.

కటింగ్ మిషన్ దగ్గర పుల్ల లేడు. తల నెరిసిన పెద్దమనిషి ఒకాయన అట్టలు సర్దుతున్నాడు. ప్యాకింగ్ నుంచి పంపారట. పుల్ల పొద్దున్న ఎవరిదో ఫోన్ వచ్చాక మొహం కడుక్కుని, ఒంట్లో బాగాలేదని ఇంటికి వెళ్ళిపోయాడట. ఆయన మిషన్ మోతలో అరుస్తూ, మర్యాదగా చెప్పాడు. మేనేజరమ్మ తనంతట తాను వచ్చి పలకరించినందుకు సంతోషంగా ఉన్నాడు.

ఆమె ఈ మిషన్ గురించి ఎవరైనా చెప్పారా అని అడిగింది.

"భలేవారే మేడమ్, ట్రైనింగ్‌లో చూపించారుగా," అన్నాడాయన. "దీనికి కళ్ళున్నాయి. మా పాతవాటిలా కాదు. మన చెయ్యి దగ్గరికొస్తే దానంతటదే టక్కున ఆగిపోతుంది. చూపించనా?"

వద్దు అని ఆమె అరిచింది. మోతలో ఆ మాట ఆయనకి అందలేదు. ఆయన నవ్వుతూ మిషన్ వైపు తిరిగి, చంటిపిల్లకి ముద్ద పెట్టబోయినట్టు, చెయ్యి చాచాడు.

పక్కన స్తంభానికున్న ఎర్ర బటన్ మీద ఆమె తన బరువంతా వేసి పడింది.

మిషన్ ఆగింది. దాంతోపాటు వెనకున్న బెల్టులూ, వాటి మీది అట్టలూ ఆగాయి. ఫ్లోర్ అంతా చెవులు మూతబడ్డట్టయింది. ఎక్కడి మనుషులు అక్కడ తలలు తిప్పి చూశారు.

ఆయన చెయ్యి మిషన్ నోట్లో, కత్తి కింద ఉంది. క్షేమంగానే ఉంది.

"చూశారా మేడమ్," అన్నాడు గర్వంగా, వెనక్కి చూడకుండానే. "చెప్పానా. ఎలా ఆగిందో."

ఈలోపు అవతలి చివర నుంచి భర్త పరిగెత్తుకొచ్చాడు. మెట్ల మీంచి పటికబెల్లం కూడా దిగాడు, హడావుడి లేకుండా. ఆర్డరు ఆగింది, ఎవరు ఆపారని అడిగాడు. కొత్తాయన చెయ్యి బయటికి తీసి, అదే పొంగుతో, ఎవరూ ఆపలేదు సార్, మేడమ్‌కి చూపిద్దామని చెయ్యి పెట్టాను, అదే ఆగింది అని చెప్పాడు. ఇంత మంచి మిషన్ తన సర్వీసులో చూడలేదన్నాడు.

పటికబెల్లం ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత చిరునవ్వు నవ్వాడు.

"మిషన్ భేషుగ్గా ఉందన్నమాట. ఇంకేం, నడిపించండి."

ఆ ఎర్ర బటన్ ఒకసారి నొక్కితే లోపలే ఉండిపోతుంది. తిప్పి వదిలితేనే మిషన్ మళ్ళీ లేస్తుంది. బటన్ మీద ఆమె చెయ్యి ఇంకా అలాగే ఉంది. అది గమనించింది ఇద్దరే. ఒకరు పటికబెల్లం, రెండోవాడు భర్త.

భర్త దగ్గరికొచ్చి, ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు. "చెయ్యి తియ్యి."

ఆమె అతని మొహంలోకి చూసింది. పొద్దుట్నుంచి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోవడం అదే మొదలు. అతను భయపడుతున్నాడు. తనలాగే.

"తీస్తే ఈయన మళ్ళీ పెడతాడండీ," అంది.

గుసగుసగానే అంది. మిషన్లు నడుస్తుంటే పక్కవాడికి కూడా వినబడేది కాదు. ఆగిన ఫ్లోర్‌లో ఆ మాట ఆ చివరిదాకా పోయింది.

"ఏం పెడతాడమ్మా?" అని అడిగాడు పటికబెల్లం, నవ్వుతూనే.

కొత్తాయన నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి ఎక్కడుందో చూశాడు. తర్వాత తన చెయ్యి వంక చూసుకున్నాడు.